మన ఎండలకు థర్మోస్టాట్ అక్కర్లేదా?

విజయవాడ ఆటోనగర్‌లో బండి హీటెక్కుతోందని బానెట్ ఎత్తించినవారికి ఎప్పుడో ఒకప్పుడు వినబడే సలహా ఒకటుంది: ‘‘థర్మోస్టాట్ తీసేద్దాం సార్, అది చలి దేశాలకు. మన ఎండలకు దానితో పనేముంది?’’ మాట సబబుగానే తోస్తుంది. మే నెలలో, బయట 45 డిగ్రీలున్నప్పుడు, బెంజి సర్కిల్ దగ్గర ఏసీ వేసుకుని సిగ్నల్ కోసం ఆగిన మనిషితో, ఇంజన్ మరీ చల్లబడిపోకుండా చూడడానికి బానెట్ కింద ప్రత్యేకంగా ఒక భాగం ఉందని చెబితే నవ్వుకుంటాడు. అయితే ఆ సలహా థర్మోస్టాట్ చేసే పనిని తలకిందులుగా అర్థం చేసుకోవడం వల్ల పుట్టింది. ఆ పనేమిటో తెలిస్తే, పాడైనదాన్ని తీసి పారేయకుండా కొత్తది ఎందుకు వేయాలో తెలుస్తుంది. వేసేటప్పుడు ఎక్కడ జాగ్రత్తపడాలో కూడా తెలుస్తుంది.

సిలిండర్‌లో ఇంధనం మండినప్పుడు వాయువుల వేడి క్షణకాలం 2000 డిగ్రీలు దాటుతుంది. అందులో స్థూలంగా మూడో వంతు బండిని నడిపే పనికి వస్తుంది, మరో వంతు పొగగొట్టం గుండా పోతుంది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగాన్ని ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంటు, మోసుకుపోవాలి. పంపు ఆ కూలెంటును ఇంజన్ బ్లాకు చుట్టూ, హెడ్డు చుట్టూ తిప్పుతూ ఉంటుంది. అది గాలికి చల్లారేందుకు రేడియేటర్‌కు వెళ్ళే దారీ, రేడియేటర్ మొహం చూడకుండా మళ్ళీ ఇంజన్‌లోకే తిరిగివచ్చే బైపాస్ దారీ కలిసే చోట థర్మోస్టాట్ కూర్చుంటుంది. కృష్ణా కాలువ మీద తూము తలుపు ఎత్తడానికీ దించడానికీ లస్కరు కావాలి. ఇక్కడి తలుపు వేడిని బట్టి తనంతట తానే లేచి దిగుతుంది. మామూలు రకాల్లో వైరు లేదు, కరెంటు లేదు. లోపల ఉన్నది మైనం.

ఇత్తడి రంగులో, చిటికెన వేలి కొసంత ఉండే బుడ్డిలో మైనాన్ని గట్టిగా దట్టించి, వేడి త్వరగా అందేందుకు రాగి పొడి కలిపి, మధ్యలో ఒక సన్నని ఉక్కు కడ్డీ నిలబెట్టి మూత బిగిస్తారు. మైనం కరిగేటప్పుడు దాని పరిమాణం 10 శాతం పైచిలుకు పెరుగుతుంది. ఎటూ పోవడానికి దారి లేక అది కడ్డీని బయటికి నెడుతుంది. కడ్డీ చట్రానికి ఆని ఉంటుంది కనుక బుడ్డే వెనక్కి జరిగి, స్ప్రింగు బలాన్ని అణచి, వాల్వ్ బిళ్ళను తెరుస్తుంది. చల్లారితే స్ప్రింగు మళ్ళీ మూసేస్తుంది. 1930లలో సెర్జియస్ వెర్నెట్ రూపొందించిన ఈ ఏర్పాటు నేటి కార్లలోనూ మౌలికంగా అదే. ఏ వేడి దగ్గర తెరుచుకోవాలో మైనం మిశ్రమాన్ని బట్టి నిర్ణయమవుతుంది. అంచు మీద 82 అనో 88 అనో చెక్కి ఉండే అంకె, తెరుచుకోవడం మొదలయ్యే డిగ్రీ. అక్కడి నుంచి మరో 10, 15 డిగ్రీలు పెరిగేసరికి తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది.

ఆటోనగర్ సలహాలోని చిక్కు ఇక్కడే విడిపోతుంది. ఎండలో, ఏసీ భారంతో, ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ఇంజన్ 95 డిగ్రీలు దాటేసరికి ఆరోగ్యంగా ఉన్న థర్మోస్టాట్ దాదాపు బార్లా తెరిచే ఉంటుంది. అప్పటికే తెరిచి ఉన్న తలుపును చట్రంతో సహా పెరికి పారేసినందువల్ల రేడియేటర్‌కు కలిసొచ్చేది దాదాపు ఏమీ ఉండదు. ఇంజన్ ఎంతవరకు వేడెక్కవచ్చన్నది రేడియేటర్, దాని మూత, ఫ్యాను, పంపు, కూలెంటు మట్టం కలిసి తేల్చే విషయం. థర్మోస్టాట్ బాధ్యత ఆ కింది హద్దు: ఇంజన్ ఇంతకంటే చల్లబడకూడదన్న గీత. అందువల్ల థర్మోస్టాట్ మూసుకుపోయి బిగుసుకున్న ఇంజన్‌కు అది తీసేయగానే ఉపశమనం కలగడం నిజమే అయినా, ఆ ఉపశమనం పాడైన వస్తువు బయటికి పోయినందువల్ల వచ్చింది. కొత్తది వేసినా అదే ఉపశమనం వచ్చేది.

దీనికి ఎదురుగా మరో వాదం కూడా వినిపిస్తుంది: థర్మోస్టాట్ లేకపోతే కూలెంటు రేడియేటర్‌లో మరీ వేగంగా పరుగెత్తి, చల్లారడానికి సమయం చాలక ఇంజన్ హీటెక్కుతుందని. ముగింపు కొన్ని బండ్లలో నిజం, చెప్పే కారణం మాత్రం తప్పు. ప్రవాహం పెరిగితే రేడియేటర్ బయటికి పంపే వేడి తగ్గదు. అసలు సంగతి బైపాస్‌లో ఉంది. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ అడుగున రెండో బిళ్ళ ఉంటుంది. పై తలుపు తెరుచుకుంటున్నకొద్దీ అది కిందికి దిగి బైపాస్ నోరు మూస్తుంది. అలాంటి థర్మోస్టాట్‌ను తీసేస్తే బైపాస్‌ను మూసే దిక్కు ఉండదు. వేడి కూలెంటులో కొంత భాగం, సులువైన దారి దొరికింది కదా అని, రేడియేటర్‌కు వెళ్ళకుండానే ఇంజన్‌లోకి తిరిగివస్తుంది. చల్లదనం కోసం చేసిన పని నడివేసవిలో వేడిని పెంచుతుంది.

రెండో బిళ్ళ లేని ఇంజన్లలో నష్టం ఇంత హడావిడిగా కనబడదు, మెల్లగా తింటుంది. నేను కొన్న పాత కారు అలాంటిదే. జనవరి ఉదయాల్లో పటమటలో బయల్దేరి గుంటూరు వెళ్తుంటే, ఇంజన్ ఇంకా చల్లగా ఉందని చెప్పే నీలి దీపం వారధి దాటినా, మంగళగిరి కొండ ఎదురుగా కనబడుతున్నా వెలుగుతూనే ఉండేది. చలికాలం కదా అనుకున్నాను. మైలేజీ తగ్గితే పాత బండి కదా అనుకున్నాను. ఒకరోజు ఆయిల్ పోసే మూత విప్పితే దాని లోపలివైపు మీగడలాంటి లేత గోధుమ రంగు జిడ్డు అంటుకుని ఉంది. బ్లాకుకూ హెడ్డుకూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంటు ఆయిల్‌లో కలుస్తోందేమోనని గుండె జారిన మాట నిజం. కూలెంటు మట్టం చుక్క తగ్గలేదు, తెల్ల పొగ లేదు. చివరికి థర్మోస్టాట్ గూడు విప్పి చూస్తే అందులో ఏమీ లేదు. ఎవరో ఎప్పుడో తీసేసి, మూత యథాతథంగా బిగించారు. అమ్మినాయనకు కూడా ఆ సంగతి తెలిసినట్టు లేదు.

చల్లటి ఇంజన్‌కు జరిగేది ఇది: కూలెంటు సెన్సార్ ఇచ్చే అంకెను బట్టి బండిలోని కంప్యూటరు ఇంజన్ ఇంకా వేడెక్కలేదని భావించి పెట్రోలు ఎక్కువ పోస్తూ ఉంటుంది. మండని పెట్రోలు సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగి దాన్ని పలచన చేస్తుంది. దహనంలో పుట్టిన నీటి ఆవిరి మామూలుగా వేడి ఆయిల్‌లో నుంచి ఎగిరిపోవాలి. ఆయిల్ సరిగ్గా కాగక అది లోపలే చెమ్మగా మారి, నా మూత కింద కనబడిన మీగడ అవుతుంది. పొద్దున పిల్లల్ని బడిలో దింపి, కూరగాయలు తెచ్చి, నాలుగైదు కిలోమీటర్లకే ఆపేసే బండికి ఈ బాధ మరీ ఎక్కువ. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ బండ్లలో దీనికి తోడు మరో చిక్కుంది: పొగగొట్టంలోని ఫిల్టరులో పేరుకున్న మసిని కాల్చే ప్రక్రియ ఇంజన్ తగినంత వేడెక్కితే తప్ప సరిగ్గా సాగదు.

కాబట్టి మార్చే ముందు, తప్పు నిజంగా థర్మోస్టాట్‌దేనా అని తేల్చుకోవాలి. బండి ట్రాఫిక్‌లో హీటెక్కి హైవే ఎక్కగానే చల్లబడుతుంటే ముందుగా ఫ్యానును, దాని రిలేను అనుమానించాలి. ఊళ్ళో బాగానే ఉండి కాజ టోల్‌ప్లాజా వైపు వేగం అందుకున్నాక వేడి చూపే ముల్లు పైకి పాకుతుంటే రేడియేటర్ లోపల పూడిందేమో, పంపు బలం తగ్గిందేమో చూడాలి. చల్లటి ఇంజన్ స్టార్టు చేసిన కొద్ది నిమిషాలకే వేడి జోరుగా ఎక్కి, అంత వేడిలోనూ రేడియేటర్ చల్లగానే ఉంటే థర్మోస్టాట్ మూసుకుని బిగుసుకుంది. ఎంతసేపు నడిపినా వేడెక్కకపోతే తెరుచుకుని బిగుసుకుంది, లేదా నా బండిలోలా అసలు లేదు. చలిదేశాల వారు క్యాబిన్ హీటర్ సరిగ్గా పనిచేయడం లేదని దీన్ని పసిగడతారు. మనం హీటర్ మీటను ముట్టుకునేదే లేదు, అందుకే ఈ లోపం మన దగ్గర ఏళ్ళ తరబడి దాగి ఉంటుంది.

చిన్న కార్లలో చాలావాటికి ముల్లు గేజీ లేదు, నీలి దీపమూ ఎర్ర దీపమూ తప్ప. అందువల్ల బండి కంప్యూటరులోని అంకెలను చదివే, ఫోనుకు కలిపే చిన్న ఓబీడీ స్కానర్ ఒకటి కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం. కూలెంటు ఎన్ని డిగ్రీలుందో నిమిష నిమిషానికి చూపిస్తుంది. పి0128 అనే కోడు వచ్చిందంటే, కూలెంటు థర్మోస్టాట్ నిలపాల్సిన వేడికి చేరడం లేదని కంప్యూటరే చెబుతున్నట్టు. స్కానర్ లేకపోయినా చెయ్యి ఉంది. చల్లటి ఇంజన్ స్టార్టు చేసి, ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా, రేడియేటర్‌కు వెళ్ళే పై రబ్బరు పైపును అప్పుడప్పుడు తాకి చూడాలి. థర్మోస్టాట్ ఇంజన్ నుంచి కూలెంటు బయటికి వచ్చే వైపు ఉన్న బండ్లలో ఆ పైపు మొదట చాలాసేపు చల్లగా ఉండి, తలుపు తెరుచుకోగానే ఒక్కసారిగా కాలిపోవాలి. మొదటి నిమిషం నుంచే గోరువెచ్చగా మారుతూ పోతుంటే తలుపు మూసుకోవడం లేదు. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ కింది పైపు వైపు ఉంటుంది. అక్కడ తేడా కింది పైపులో కనబడుతుంది.

కొత్త థర్మోస్టాట్‌ను బండిలో బిగించేముందు పొయ్యి మీద పరీక్షించాలి. ఇది చాలామంది వదిలేసే మెట్టు, నా మట్టుకు నేను ఎప్పటికీ వదలనిది. మళ్ళీ వంటకు వాడని పాత సత్తుగిన్నెలో నీళ్ళు పోసి, థర్మోస్టాట్‌కు దారం కట్టి అడుగుకు తగలకుండా వేలాడదీసి, పక్కనే థర్మామీటరు పెట్టి సన్నని సెగ మీద కాచాలి. నేను తెచ్చింది 82 డిగ్రీలది. 80 దగ్గర చలనం లేదు. 83 దగ్గర బిళ్ళ అంచు చుట్టూ వెంట్రుక మందాన నల్లటి గీత కనబడింది, అందులోంచి చిన్న గాలిబుడగ ఒకటి తప్పించుకుంది. ఆ తర్వాత బిళ్ళ గడియారంలో నిమిషాల ముల్లులా జరిగింది. కదులుతున్నట్టు అనిపించదు, చూపు తిప్పి చూస్తే జరిగి ఉంటుంది. నీళ్ళు తెర్లుతుండగా సుమారు 8 మిల్లీమీటర్లు తెరుచుకుంది. పొయ్యి ఆపితే మూసుకోవడం తెరుచుకున్న వేడికి కొన్ని డిగ్రీలు కిందగానే పూర్తయింది, అది మైనం స్వభావం. కొట్టు నుంచి తెచ్చినదాన్ని ఇలా కాచడం చాదస్తమని ఇంట్లో అన్నారు. కానీ అది బిగించాక పనిచేయకపోతే కూలెంటంతా మళ్ళీ దింపాల్సింది నేనే కదా.

ఇక విప్పడం. రాత్రంతా ఆపి ఉంచిన బండి మీదే ఈ పని మొదలుపెట్టాలి. రేడియేటర్ మూత స్ప్రింగు వ్యవస్థలో సుమారు ఒక బార్ ఒత్తిడిని నిలుపుతుంది. ఆ ఒత్తిడిలో మామూలు నీరు సైతం 120 డిగ్రీల దాకా మరగదు. వేడిగా ఉన్నప్పుడు మూత తిప్పడమంటే కూత తగ్గని ప్రెషర్ కుక్కర్ మూత లాగడమే. చల్లారాక మూత తీసి, కింద వెడల్పాటి బేసిన్ పెట్టి, రేడియేటర్ అడుగున ఉండే ప్లాస్టిక్ మరను వదులు చేసి కూలెంటు దింపాలి. థర్మోస్టాట్ గూడు మట్టం కంటే కిందికి దిగితే చాలు. దింపిన కూలెంటులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో తిరిగే కుక్కలకూ, ఆడుకునే పిల్లలకూ అందేలా బేసిన్‌ను వదిలేయకూడదు, కాలువలో పారబోయకూడదు. క్యాన్‌లో పట్టి మూత బిగించి, పాత ఆయిల్ తీసుకునే వర్క్‌షాపులో అడిగి ఇచ్చేయాలి.

పాత రబ్బరు పైపు గొట్టానికి కరుచుకుని ఉంటుంది. క్లిప్పు వెనక్కి జరిపి, ముందు పైపును అటూఇటూ మెలితిప్పి అంటు విడిపించి, ఆ తర్వాతే లాగాలి. స్క్రూడ్రైవర్ దూర్చి పెకలిస్తే రబ్బరో ప్లాస్టిక్ గొట్టమో పగలడం ఖాయం. గూటి మూతకు సాధారణంగా 10 నంబరు పానా పట్టే రెండు మూడు బోల్టులుంటాయి. అవి అల్యూమినియంలోకి దిగిన ఉక్కు బోల్టులు. ఏళ్ళు గడిస్తే ఉప్పు పట్టి బిగుసుకుంటాయి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి అరగంట ఆగి, కొద్దిగా వదులు చేసి మళ్ళీ బిగించి, మళ్ళీ వదులు చేస్తూ బతిమాలాలి. బలం చూపిస్తే తల తెగిపోతుంది, అప్పుడు వంద రూపాయల బోల్టు కథ లేత్ వర్కుషాపు దాకా పోతుంది.

మూత తీయగానే పాత థర్మోస్టాట్ ఏ దిశలో కూర్చుని ఉందో ఫోనులో ఫోటో తీసి పెట్టుకోవాలి. మైనం బుడ్డి, స్ప్రింగు ఉన్న వైపు ఎప్పుడూ ఇంజన్ వైపే. తిరగేసి బిగిస్తే బుడ్డికి ఇంజన్ వేడి సరిగ్గా తగలక తలుపు తెరుచుకోదు. చాలా థర్మోస్టాట్ల అంచు మీద చిన్న రంధ్రం, అందులో వదులుగా ఆడే ఒక సూదిలాంటి పిన్ను కనబడతాయి. ఇరుక్కున్న గాలి తప్పించుకునే కిటికీ అది. పక్కకు నిలబెట్టి బిగించే థర్మోస్టాట్లలో అది పైకి, గడియారంలో 12 ఉండే చోట రావాలి. గాలి పైకే పోతుంది కదా. నేను మొదటిసారి ఆ పిన్నును పట్టించుకోకుండా కిందివైపు వచ్చేలా బిగించాను. గాలి గూట్లోనే ఇరుక్కుంది. గాలి మైనానికి వేడిని సరిగ్గా అందించలేదు కనుక తలుపు సమయానికి తెరుచుకోలేదు. స్కానర్‌లో అంకె 108 దాటగానే ఇంజన్ ఆపేసి, ఆ పూటంతా చల్లారనిచ్చి, పనంతా మళ్ళీ మొదటికొచ్చి చేశాను.

బిగించేముందు రెండు ముఖాలనూ ప్లాస్టిక్ పెచ్చుతో గీకి శుభ్రం చేయాలి. బ్లేడు వాడితే అల్యూమినియం మీద గాటు పడి అక్కడి నుంచే కారుతుంది. రబ్బరు రింగు పాతది మళ్ళీ వేయకూడదు. రింగు ఉన్న చోట సిలికాన్ పేస్టు పూయడం అనవసరం, హానికరం కూడా. లోపలికి ఊరిన ముక్కలు విడిపోయి రేడియేటర్ సన్నని గొట్టాల్లో అడ్డం పడతాయి. బోల్టులను ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా, సమంగా బిగించాలి. ఆ సైజు బోల్టుకు 10 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో చాలు. మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకెదే తుదిమాట.

నింపే ద్రవం గురించి మన జిల్లాల్లో కాస్త గట్టిగానే చెప్పాలి. కూలెంటంటే గడ్డకట్టకుండా వేసేది, మనకెందుకు, కుళాయి నీళ్ళు చాలు అనే ధోరణి థర్మోస్టాట్ సలహాకు తోబుట్టువు. ఉప్పు బోరు నీళ్ళు గీజర్‌లో, ఎలక్ట్రిక్ కెటిల్‌లో కట్టే తెల్లటి పెచ్చే రేడియేటర్‌లోనూ, థర్మోస్టాట్ బిళ్ళ అంచునా కడుతుంది. తలుపు బిగుసుకుపోవడానికి తరచుగా అదే కారణం. సగం గాఢ కూలెంటు, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపితే, మూత ఒత్తిడి లేకుండానే మరిగే స్థానం సుమారు 107 డిగ్రీలకు చేరుతుంది. తుప్పును ఆపే రసాయనాలు ఉండేదీ కూలెంటులోనే. రంగు చూసి రకాన్ని ఊహించకూడదు. ఆకుపచ్చ, ఎరుపు, నీలం కంపెనీ ఇష్టం. మాన్యువల్‌లో చెప్పిన రకమే పోయాలి, పాతదానితో వేరే రకం కలపకూడదు.

పోసేటప్పుడు ముందు చక్రాలు కాస్త ఎత్తులో ఉంటే, రేడియేటర్ నోరు అన్నిటికంటే పైకొచ్చి గాలి తేలిగ్గా బయటపడుతుంది. సెల్లార్ ర్యాంపు దీనికి అచ్చంగా సరిపోతుంది; హ్యాండ్‌బ్రేకు వేసి వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాలి. ఇంజన్ నడిపేది మాత్రం గాలి ఆడే చోటే, పొగ నిలిచిపోయే సెల్లార్ లోపల కాదు. గాలి వదిలే మర ఉన్న బండ్లలో దాన్ని తెరిచి, బుడగలు లేకుండా ధారగా వచ్చేదాకా పోయాలి. హీటర్‌ను పూర్తి వేడికి తిప్పి స్టార్టు చేసి, బుడగలు తేలుతూ మట్టం పడిపోతున్నకొద్దీ నింపుతూ, పొంగు మొదలవకముందే మూత బిగించి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా గమనించాలి. తర్వాతి రెండు మూడు రోజులు తెల్లవారుజామున, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రిజర్వాయర్ డబ్బా మట్టం చూస్తే, మిగిలిన గాలి పోయిన మేరకు కొద్దిగా తగ్గి అక్కడ నిలబడుతుంది.

ఇదంతా రెండు గంటల పని, అదీ థర్మోస్టాట్ చేతికందే చోట ఉన్నప్పుడు. ఇన్‌టేక్ మానిఫోల్డ్ కిందో, టైమింగ్ బెల్టు వెనకో దాక్కున్న బండ్లలో, గూడూ వాల్వూ సెన్సారూ ఒకే ప్లాస్టిక్ దిమ్మగా వచ్చే వాటిలో, కంప్యూటరు కరెంటుతో మైనాన్ని వేడిచేసి తెరిపించే రకాల్లో నేనైతే చెయ్యి పెట్టను. రేడియేటర్ నోట్లో ఆగకుండా బుడగలు వస్తూ, కూలెంటు తగ్గిపోతూ, తెల్ల పొగ కూడా ఉంటే అది హెడ్ గ్యాస్కెట్ వ్యవహారం. అప్పుడు థర్మోస్టాట్ మార్చడం జ్వరం వచ్చిన మనిషికి చొక్కా మార్చడం లాంటిది.

పిన్ను పైకి పెట్టి రెండోసారి బిగించిన మర్నాడు పొద్దున్నే, పటమట నుంచి గుంటూరు బయల్దేరాను. నీలి దీపం బెంజి సర్కిల్ దాటగానే ఆరిపోయింది. వారధి మీద స్కానర్ 84 చూపించింది, మంగళగిరి దగ్గర 86. టోల్ వరుసలో నిలబడ్డప్పుడు 94 దాకా ఎక్కి, ఫ్యాను ఒకసారి తిరిగి, గేటు దాటాక మళ్ళీ 87కు దిగింది.